ఆరు నిమిషాల అనుభవ పత్రం

దరఖాస్తులో తొమ్మిదో గడి "అనుభవం". అందులో ఆయన నీలి సిరాతో "ఇరవై తొమ్మిది సంవత్సరాలు" అని రాశాడు. పదో గడి "అనుభవానికి రుజువుగా జతపరిచిన పత్రాలు". అందులో రాసింది ఇది: "పత్రాలు లేవు. యంత్రాలు ఉన్నవి. నడుస్తున్నవి. వచ్చి చూడగలరు."

నేను గట్టిగా నవ్వాను. మా కాలేజీలో నవ్వడానికి అంత మంచి కారణం దొరికి చాలా రోజులైంది.

మాది నకిరేకల్ దారిలో ఉన్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ. పేరు చెప్పను. చెబితే సిబ్బంది జాబితాలోంచి నన్ను తీసేస్తారు. అసలు ఆ జాబితాలో నేను ఉంటే కదా! మనుషుల్ని సరఫరా చేసే ఒక ఏజెన్సీ నన్ను అక్కడ ఆఫీసు అసిస్టెంటుగా పెట్టింది. దరఖాస్తులు తీసుకోవడం, ఫైళ్లకు దారం కట్టడం, ప్రతి సోమవారం పొద్దున కాలేజీ గంట గడియారాన్ని సరిచేసి "గంట సవరణ రిజిస్టరు"లో ఎన్ని నిమిషాలు తప్పిందో రాసి సంతకం పెట్టడం నా పనులు. డిగ్రీ రెండో ఏడాదిలో ఫీజు కట్టలేక ఆగిపోయింది. చదవడం మాత్రం ఆగలేదు. పాత పుస్తకాల బండి మీద కిలోల లెక్కన కొన్నవన్నీ చదివాను. దానికి ఎవడూ పత్రం ఇవ్వడు. అందుకని పత్రం లేని మనిషి ఎదురుగా నిలబడితే నాకు జాలి కలగాలి. కలగలేదు. నాలాంటివాడు ఇంకొకడు దొరికాడని సంతోషమేసింది.

ఆయన పేరు తిరందాసు దశరథ. యాభై ఏళ్లుంటాయి. అందరూ చొక్కా జేబుకు పెన్ను పెట్టుకుంటే ఆయన స్క్రూడ్రైవర్ పెట్టుకున్నాడు. ఎలక్ట్రానిక్స్ ల్యాబులో ఇన్‌స్ట్రక్టరు పోస్టు కోసం వచ్చాడు.

"అన్నా, పత్రాలు లేకుంటే తీసుకోరు" అన్నాను.

"ఎట్ల తీసుకోరు తమ్మీ? మర్రిగూడ కాడ నీళ్ల ప్లాంటుకు నేను ప్రోగ్రాము రాసిన. కార్డు పెడితే బిందె నింపుతాంది. అది ఎవ్వర్నీ పత్రం అడుగుతలేదు."

"నీళ్ల ప్లాంటును పిన్ను కొట్టి ఫైలుల పెట్టనీకి రాదన్నా."

ఆయన కాసేపు నిజంగానే ఆలోచించాడు. "పెద్ద పిన్ను కావాలె" అన్నాడు.

అట్లా మొదలైంది మా స్నేహం.

దశరథ పుట్టింది గట్టుప్పల్‌లో, నేతవాళ్ల ఇంట్లో. తండ్రి జానయ్య మగ్గం మీద కూర్చుంటే తల్లి పోగులు అతికేది. మగ్గం మీద ఒక పడుగు అయిపోయినప్పుడు దాన్ని పూర్తిగా లాగేయరు. పోగులు దూర్చే అచ్చులో జానెడు పాత పోగులు అట్లాగే ఉంచి, కొత్త పడుగులోని ఒక్కో పోగునూ ఒక్కో పాత పోగుకు ఆనించి, బూడిద అంటిన వేళ్లతో మెలిపెట్టి అతుకుతారు. అట్లా చేస్తే వేల పోగుల్ని మళ్లీ మొదటినుంచీ అచ్చులోకి ఎక్కించే బాధ తప్పుతుంది. అంటే ఏ కొత్త చీర మొదలైనా పాత చీర కొసను పట్టుకునే మొదలవుతుంది.

దశరథ నల్లగొండలో డిప్లొమా చదివాడు. హైదరాబాదు వెళ్లి చిప్పులకు ప్రోగ్రాములు రాశాడు. కానీ ఈ బుద్ధి పోలేదు. ఇరవై తొమ్మిదేళ్లలో ఆయన మొదటిది తప్ప ఒక్క ప్రోగ్రామును కూడా ఖాళీ పేజీ మీద మొదలుపెట్టలేదు. ప్రతి కొత్తదాన్నీ పాతదాని కొసకే అతికాడు.

మొట్టమొదటి పాతది ఒక హారన్. పంతొమ్మిది వందల తొంభై ఆరులో బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డులో ఆయనకు తొలి కాంట్రాక్టు దొరికింది. లారీ వెనక్కి వచ్చేటప్పుడు పాట పాడే డబ్బా చేయాలి. ఓనరుకు భక్తి పాట కావాలి, డ్రైవర్లకు సినిమా పాట కావాలి, ఆ చిప్పులో చూస్తే ఈ పేరా పట్టేంత జాగా కూడా లేదు. దశరథకు ఏ పాటా సరిగ్గా రాదు. తండ్రి మగ్గం చప్పుడు గుర్తుచేసుకొని పదిహేడు స్వరాలు పేర్చాడు. సరిగ్గా ఆరు సెకన్లు. విన్నవాళ్లు ఎవరికి తోచిన పాట వాళ్లు అందులో విన్నారు. ఓనరు చేతులు జోడించాడు. డ్రైవర్లు ఈల వేశారు.

తర్వాతి కాంట్రాక్టు ఎలక్ట్రానిక్ కాటా. దాన్ని హారన్ ప్రోగ్రాముకు అతికాడు. కాటాకు పాట ఎందుకని మధ్యలో దాన్ని తీసేశాడు. అప్పుడు బస్తా పెడితే కాటా ముప్పై రెండు కిలోలంది, కాదు ముప్పై నాలుగంది, ఆలోచించుకొని ఇరవై తొమ్మిదంది. పాట నడిచే ఆ ఆరు సెకన్లలోనే పళ్లెం ఊగడం ఆగి కుదురుకుంటోందని అప్పుడు తెలిసింది. భయపడి పాటను మళ్లీ పెట్టాడు, చప్పుడు బయటికి రాకుండా. ఆ తర్వాత దాని జోలికి పోలేదు.

"తీసేస్తె యాడ ఏం తెగుతదో ఎవనికెర్క?" అనేవాడు. ఆయన ప్రోగ్రాము రాసిన ప్రతి డబ్బాలోనూ ఆ హారన్ మూగగా పాడుతూనే ఉంది. పాల వెన్న కొలిచే యంత్రంలో, ఫ్యాక్టరీ సైరన్లో, బడిగంటల డబ్బాలో, బోరు మోటారు స్టార్టర్లో, నీళ్ల ప్లాంటులో. ఏదైనా మీటను నొక్కిపట్టి కరెంటు ఇస్తే మాత్రం చప్పుడుతో సహా పాడుతుంది. బజరు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి అని ఓనర్లకు చెప్పేవాడు. నాకు చెప్పింది వేరు.

"నా పేరు యాడ రాస్తలేరు గద తమ్మీ. పాటన్న ఉండనీ అనుకున్న."

తెలంగాణ వచ్చాక హైదరాబాదు కిరాయిలు మోయలేక నల్లగొండకు తిరిగొచ్చి, ఇంట్లోనే బల్ల వేసుకున్నాడు. రెండేళ్లు బోరు మోటార్ల ఆటో స్టార్టర్లకు ప్రోగ్రాములు రాసి కాస్త నిలదొక్కుకున్నాడు. ఎప్పుడు కరెంటు వస్తే అప్పుడు మోటారును అదే నడిపేస్తుంది. ఇంతలో ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చింది. ఆటో స్టార్టర్లు ఉంటే బోర్లు ఎండిపోతాయి, తీసేయండని అధికారులు ఊరూరా తిరిగారు. ఆయన రెండేళ్ల పని గోనెసంచుల్లోకి పోయింది.

"కరెంటు పోయి పని ఆగినోళ్లు మస్తుమంది ఉంటరు. కరెంటొచ్చి పని పోయినోన్ని నేనొక్కన్నే" అని నవ్వేవాడు. ఆ తర్వాత రెడీమేడ్ చైనా బోర్డులొచ్చి మిగిలిన పనిని కూడా తినేశాయి.

ఉద్యోగానికి దరఖాస్తు పెట్టమన్నది ఆయన భార్య ఆండాళు. ఒకరోజు చాయ్‌కి పిలిస్తే వెళ్లాను. ఆమె వాకిట్లో కూర్చొని చీర నూలుకు రంగు ముడులు కడుతోంది.

"మీ ఆయన ఏం పని చేస్తడని అడిగితే ఏం చెప్తవ్ వదినా?" అన్నాను.

"డబ్బలల్ల ఉంటడని చెప్త" అంది ఆమె తల ఎత్తకుండా. "ఇరవై తొమ్మిదేండ్లు గట్లనే చెప్పిన. మా చెల్లె మొగడు బస్సు కండక్టరు, వానికి సుత గుర్తింపు కార్డున్నది. నాకు పైసలు గిట్ల వద్దు జాషువా. గీయన పేరు, గీయన చేసిన పని, రెండూ ఒక్క కాగితం మీద పక్కపక్కన సూడాలె. అంతే."

"అంతే" అన్నాడు దశరథ, ఆమె గొంతును అనుకరిస్తూ. ఆమె అతని మోకాలి మీద దారపు కండె విసిరింది. ఆయన నవ్వాడు కానీ, ఆ కాగితం ఆమెకంటే ఆయనకే ఎక్కువ కావాలని నాకు అర్థమైంది.

పత్రాల కోసం మేమిద్దరం బండి మీద హైదరాబాదు పోయాం. బాలానగర్ షెడ్డు ఉన్నచోట ఫంక్షన్ హాలు ఉంది. వాచ్‌మన్ మమ్మల్ని వంటవాళ్లనుకొని వెనక గేటు చూపించాడు. కాటాల ఓనరు చనిపోయాడు, ఆయన కొడుకు పాత పుస్తకాలు తిరగేసి "మీ పేరే లేదే" అన్నాడు. కాంట్రాక్టు మనిషి పేరు ఎందుకుంటుంది? మూడోచోట మాత్రం ఒక కాగితం దొరికింది. అది ఆయన రాసిచ్చినదే: "ఈ యంత్రములకు ప్రోగ్రాము నేను వ్రాసినట్లు ఎవరికినీ చెప్పను."

"గిది జత చేయొచ్చా?" అని అడిగాడు.

మా ఎలక్ట్రానిక్స్ విభాగం పెద్ద దినేశ్ సార్. చెడ్డవాడు కాదు. పిహెచ్‌డీ చేశాడు, సోల్డరింగ్ చేస్తే చేతులు కాలతాయని పుస్తకంలో చదివాడు. ఆయనకు ఒకే ఒక్క భయం, తనిఖీ కమిటీ. పదో గడి చూసి ఆయన కూడా నవ్వాడు. తర్వాత, నేను ఊహించనిది, "సరే, వచ్చి చూద్దాం" అన్నాడు. శనివారం పొద్దున తన కారులో మమ్మల్నిద్దరినీ ఎక్కించుకున్నాడు.

మొదట దారిలో ఉన్న ఊరి పాలకేంద్రానికి వెళ్లాం. నడిపేది సుక్కమ్మ. ఆమె ముందు ఇరవై మంది క్యాన్లు పట్టుకొని వరుసలో ఉన్నారు.

"సుక్కమ్మక్కా, మిషిన్ జర బంజేసి మళ్ల వేస్త" అన్నాడు దశరథ.

"ఎందుకు? మంచిగనే నడుస్తాంది గద. నువ్వు ముట్టుకుంటెనే ఖరాబైతది."

"నేను చేసిన మిషినే గదక్కా."

"చేస్తె చేసినవ్. మీ సారు ఏం సూడనీకొచ్చిండు, వెన్నా, నిన్నా?"

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆ సందులో దశరథ చేయి పెట్టి, పచ్చ మీట నొక్కిపట్టి స్విచ్చి వేశాడు.

పాట మొదలైంది. ఇరవై మందీ వెనక్కి చూడకుండా ఒక్కసారిగా గోడవైపు జరిగారు. ఒక ముసలాయన తన క్యానుతో పాటు పక్కవాడి క్యానును కూడా లాగేసి, "రానీ, రానీ, ఇంకా జాగున్నది" అని చేయి ఊపుతూ రాని లారీని వెనక్కి పిలిచాడు. ఆరు సెకన్లయ్యాక అందరూ రోడ్డు చూశారు. రోడ్డు ఖాళీ. అప్పుడు సుక్కమ్మను చూశారు.

"నన్నెందుకు సూస్తరు? నేనేమన్న లారీనా?" అంది సుక్కమ్మ.

దినేశ్ సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, నవ్వు దాచుకోవడానికి.

తర్వాత నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్టు. వ్యాపారి చెన్నయ్య కాటా మీద అదే మీట, అదే పాట. చెన్నయ్య చెవి రిక్కించి, "అరె, గిది మా పెండ్లి బ్యాండోళ్లు కొట్టిన పాట!" అన్నాడు. అతని గుమాస్తా, కాదు, గుళ్లో పొద్దున పెట్టేదన్నాడు. ఇద్దరూ వాదులాట మొదలుపెట్టారు. మేము వచ్చేస్తుంటే ఇంకా తేలలేదు.

దశరథ ముఖం వెలిగిపోయింది. కారులో కూర్చోగానే దినేశ్ సార్ ఆ వెలుగును ఆర్పేశాడు.

"దశరథ గారూ, ఈ యంత్రాల్లో ఒకే పాట ఉందని తెలిసింది. కానీ అది మీరే రాశారని ఎట్లా తెలుస్తుంది? మీట సంగతి తెలిసిన రిపేరు మెకానిక్కు ఎవరైనా ఇట్లా పాడించగలడు. కమిటీవాళ్లు మొదటి ప్రశ్నే అది వేస్తారు."

నాకు ఒళ్లు మండింది. కోపం ఎందుకంటే ఆ మాట నిజం. కాలేజీ వచ్చేదాకా దశరథ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆండాళుకు ఏం చెప్పాలో లోపల కూర్చుకుంటున్నాడని అనుకున్నాను.

మేము కారు దిగుతుంటే మధ్యాహ్నం భోజనాల గంట మోగింది. దశరథ అలవాటుగా ఫోను చూసుకున్నాడు.

"మీ గంట లేటు, తమ్మీ. అయిదు నిమిషాల పైన."

"శనివారం గదన్నా. సోమవారం సరిచేస్త."

"సోమవారం సరిచేస్తె మళ్ల ఎప్పటిసంది తప్పుతది?"

"అప్పటిసందే."

ఆయన మెట్ల దగ్గర ఆగిపోయాడు. "రోజుకు ఎన్నిమాట్లు మోగుతది?"

"పదిసార్లు."

"వారానికి ఆరు రోజులు" అన్నాడు. అది ప్రశ్న కాదు. పెదవులు కదులుతున్నాయి. మెల్లగా ముఖంలో రంగు పోయింది. ఎండలో తిరిగి నీరసం వచ్చిందనుకొని నీళ్లు తేబోయాను. ఆయన నా చేయి పట్టుకొని ఆపాడు. ఆ నిమిషంలో తన లోపల ఏం నడిచిందో తర్వాత చెప్పాడు. నోరు మూసుకుంటే ఉద్యోగం లేకుండా, మర్యాదగా ఇంటికి పోవచ్చు. నోరు తెరిస్తే మర్యాద పోతుంది, ఉద్యోగం వస్తుందని నమ్మకమూ లేదు.

ఆయన నోరు తెరిచాడు.

"సార్, మీ గంట డబ్బ నేను సూడలేదు. ఏ గదిల ఉన్నదో సుత నాకెర్క లేదు. జాషువా ముట్టుకోకుంటే సోమవారం పొద్దుటికి అది సరిగ్గ ఆరు నిమిషాలు ఎన్కకుంటది. ఎక్కువ గాదు, తక్కువ గాదు."

దినేశ్ సార్ నావైపు చూశాడు. "ప్రతి సోమవారం ఆరే సార్" అన్నాను.

"పరీక్షల వారం ఎన్నిమాట్లు కొడతరు?" అడిగాడు దశరథ.

"రోజుకు నాలుగు."

"అయితే ఆ వారం రెండు నిమిషాలు, పైన ఇరవై నాలుగు సెకండ్లు. దసరా సెలవులల్ల అసలే తప్పది. సూడుండ్రి."

నేను పరుగెత్తి రిజిస్టరు తెచ్చాను. రెండు వేల పదహారు నుంచి తొమ్మిదేళ్లు. నా ముందు పనిచేసిన ఇద్దరి చేతిరాత, తర్వాత నాది. దినేశ్ సార్ వేలు పెట్టి చదివాడు. ఆరు, ఆరు, ఆరు. పరీక్షల వారం, రెండు. మళ్లీ ఆరు. దసరా తర్వాతి సోమవారం, "సరిగ్గా ఉంది". మధ్యలో ఒకచోట నా ముందువాడు ఎర్ర సిరాతో "ఈ గంటకు దయ్యం పట్టినది" అని రాసి సంతకం పెట్టాడు.

"ఎందుకిట్లా?" అన్నాడు దినేశ్ సార్.

"పాట సార్. గంట మోగినప్పుడల్ల లోపల సప్పుడు లేకుంట పాడుతది. ఆరు సెకండ్లు. అది పాడినంతసేపు గడియారం ఆగుతది. రోజుకు పది గంటలు, అంటే ఒక్క నిమిషం. తీసేద్దునే గని, కాటా సంగతి యాదికొచ్చి భయమైంది. అప్పుడు బెల్లులు అమ్మేటాయనకు రాసిచ్చిన, ఏ బళ్లె పెట్టిండో మళ్ల సూడలే."

"అంటే తొమ్మిదేళ్లుగా మా గంటను ఆలస్యం చేస్తున్నది మీరా?"

"నేనే సార్!" అన్నాడు దశరథ. తప్పు ఒప్పుకునేవాడి గొంతు కాదది. బడిలో హాజరు పిలిస్తే లేచి నిలబడిన పిల్లవాడి గొంతు.

నా గదిలో బీరువా వెనక దుమ్ము పట్టిన డబ్బా ఉంది. దశరథ మీట నొక్కిపట్టి కరెంటు ఇచ్చాడు. పాట వరండాలోకి వినిపించింది. భోజనాలకు పోతున్న విద్యార్థులు ఫోన్లలోంచి తల ఎత్తకుండానే గోడవైపు జరిగి దారి ఇచ్చారు.

దినేశ్ సార్ ఈసారి నవ్వు దాచుకోలేదు.

మరుసటి వారం పదో గడిని నేనే కొట్టేసి మళ్లీ రాశాను: "గంట సవరణ రిజిస్టరు నకలు. తొమ్మిది సంవత్సరములది." కింద దినేశ్ సార్ నోటు: "సదరు యంత్రములోని లోపమును దరఖాస్తుదారు యంత్రమును చూడకుండానే సెకండ్లతో సహా వివరించినందున, ప్రోగ్రాము వీరిదేనని నిర్ధారించడమైనది." నా బతుకులో కట్టిన ఫైళ్లన్నింటిలో గట్టిగా దారం బిగించింది ఆ ఒక్కదానికే.

ఉత్తర్వు వచ్చింది. తిరందాసు దశరథ, ల్యాబ్ ఇన్‌స్ట్రక్టరు, కాంట్రాక్టు పద్ధతిన, పదకొండు నెలలు.

"గిది సుత కాంట్రాక్టేనా?" అన్నాడు.

"ఈడ గోడలు దప్ప అన్నీ కాంట్రాక్టే అన్నా."

ఆండాళు ఆ కాగితానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి గోడకు తగిలించింది. "కాంట్రాక్టు పద్ధతిన" అన్న చోట సరిగ్గా మేకు పడింది. కావాలనే కొట్టిందని దశరథ అంటాడు. ఆమె కాదంటుంది.

చేరిన మొదటిరోజే ఆయన ల్యాప్‌టాప్ పట్టుకొని గంట డబ్బా దగ్గరికి వచ్చాడు, తప్పు సరిచేయడానికి. వెనకే దినేశ్ సార్ ఉరికొచ్చాడు.

"ముట్టుకోకండి! మార్చిలో తనిఖీ కమిటీ వస్తుంది. మీ అనుభవానికి ఉన్న రుజువు అదొక్కటే. బాగుచేస్తే మిమ్మల్ని ఏం చూపించి నిలబెట్టాలి?"

కాబట్టి గంట ఇంకా ఆలస్యంగానే మోగుతోంది. ప్రతి సోమవారం నేను సరిచేసి సంతకం పెడతాను. పక్కన దశరథ కూడా పెడతాడు, పేరంతా విడివిడిగా, పొడుగ్గా.

మొన్న సోమవారం మాత్రం ఐదున్నర నిమిషాలే తేలింది. ఎవరు చూస్తారులే అని నేను ఆరు అని వేయబోయాను. ఆయన నా పెన్ను పట్టుకున్నాడు.

"అర నిమిషం తక్కువుంది. అంటే అయిదు గంటలు మోగలేదు. పోయిన వారం ఒంటిపూట సెలవిచ్చిండ్రా?"

"లేదన్నా."

"ఉన్నది. నేను గురువారం పొద్దున పాఠం చెప్పి పోయిన, పగటాల సంగతి నాకెర్కలేదు. డబ్బకెర్కే."

గురువారం మధ్యాహ్నం పెద్దలెవరూ లేరని నేనే గంటను సెలవు మీట మీద పెట్టి, గేటు తీసి అందర్నీ పంపించిన మాట నిజం. ఆ తర్వాత హాజరు పట్టీలో నాతో సహా అందరికీ నిండు రోజు వేసిన మాట కూడా నిజం. దశరథ రిజిస్టరులో ఐదున్నర అని రాసి, కింద తన పేరు తీరిగ్గా రాసుకుంటూ కూర్చున్నాడు. నేను తెల్ల సిరా సీసా వెతుక్కుంటూ హాజరు పట్టీ ఉన్న గదివైపు నడిచాను.